శిక్షణ అయిదో రోజు: మేం గీసిన ఊరి పటంలో నీళ్ళు పోయే దారి లేదు

ప్రశ్న
రాసినవారు: రాయదుర్గం అమ్మాయి

అందరికీ నమస్కారం. నాది అనంతపురం జిల్లాలో రాయదుర్గం దగ్గరి ఒక పల్లె. పదమూడు నెలల గ్రామీణాభివృద్ధి ఫెలోషిప్‌కు ఎంపికై పోయిన ఆదివారం కోనసీమకు వచ్చాను. రాజోలు దాటాక ఒక ఊళ్ళో మా శిక్షణ జరుగుతోంది. ఈ రోజుతో అయిదు రోజులు. సోమవారం ఉదయానికల్లా ‘నేను పని చేయబోయే సమస్య’ అని ఒక పేజీ రాసి ఇవ్వాలి. దాని గురించే అడగాలని ఉంది. జరిగింది వివరంగా చెప్పకపోతే నా ప్రశ్న అర్థం కాదు, కాస్త ఓపికగా చదవండి.

మా పక్క నీళ్ళంటే బోరు. మా తాత నాలుగు బోర్లు వేయిస్తే మూడు ఎండిపోయాయి. నాలుగోది వేసవిలో గంటసేపు పోసి ఆగిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి సంవత్సరం అనుకునే చోట పెరిగాను. రావులపాలెం దాటాక బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డుకు ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క దమ్ము చేసిన చేలు, వాటి వెనక కొబ్బరి తోటలు, ప్రతి ఇంటి పెరట్లో చిన్నదో పెద్దదో ఒక చెరువు. ఇక్కడ మేం చేయాల్సింది ఏముంటుంది అనిపించింది. మొదటి రోజు పరిచయాల్లో అందరి ముందూ ఆ మాట అన్నాను కూడా.

మొదటి రోజంతా కల్యాణ మండపంలో కుర్చీల్లోనే గడిచింది. రెండో రోజు ధవళేశ్వరం తీసుకెళ్ళారు. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తి చేయించాడని, అంతకు ముందు 1832–33లో వచ్చిన నందన కరువులో ఈ గోదావరి పక్కనే ఉండి కూడా జనం తిండి లేక చనిపోయారని చెప్పారు. ఇప్పుడున్న బ్యారేజీ కింద మూడు డెల్టాల్లో కలిపి సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతోంది. దారి పొడవునా ఊళ్ళలో ఆయన విగ్రహాలు చూశాను. నీళ్ళు తెచ్చిన మనిషికి పూలదండ వేయడం నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మా తాత ఇక్కడ పుట్టి ఉంటే ఆయనే రోజూ వేసేవాడు.

మూడో రోజు రామాలయం ముందు సిమెంటు నేల మీద ఊరి పటం గీయించారు. ఊరి నుంచి నలుగురు పెద్దలు వచ్చి కూర్చుని చెబుతుంటే మేం గీయాలి. ఇళ్ళకు ఎర్రమట్టి, రోడ్లకు ముగ్గుపిండి, తోటలకు ఆకులు, నీళ్ళకు నీలం రంగు. నీలం రంగు పళ్ళెం నా చేతికి ఇచ్చారు. ప్రధాన కాలువ గీశాను, దాని నుంచి చీలిన పిల్ల కాలువలు గీశాను, తూములకు గవ్వలు పెట్టాను, చేలల్లోకి వెళ్ళే బోదెలు వేళ్ళతో సన్నగా లాగాను. ఒక్కో బోదెకు ఒక్కో పేరు ఉంది, పెద్దలు పేరు చెబుతుంటే నాకు ఎంతో సంతోషం వేసింది. పటం పూర్తయ్యాక చుట్టూ నిలబడి ఫోటో తీసుకున్నాం.

అప్పుడు ఒక ముసలామె ఊడ్పుల నుంచి, అంటే వరి నాట్ల పని నుంచి వస్తూ అక్కడ ఆగింది. మోకాళ్ళ దాకా ఎండిన బురద, చేతిలో చెప్పులు. గుడి ముందు నేల కాబట్టి అంచు దాటి లోపలికి రాలేదు. “దగ్గరికి రా అవ్వా, చూడు” అన్నాను. ఇక్కడ మామ్మ అనాలని పక్కనున్న పెద్దాయన మెల్లగా సరిదిద్దారు. మామ్మ చాలాసేపు పటం వైపు చూసింది. తరవాత నా చేతిలోని పళ్ళెం చూసి, “నీళ్ళు వచ్చే దారి గీశావు. పోయే దారి ఏదమ్మా?” అంది.

మురుగు కాలువ ఊరి వెనక ఉందిలే, దానితో ఇప్పుడు పని లేదని పెద్దల్లో ఒకరు అన్నారు. చేలల్లో, ఊళ్ళో ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే కాలువను ఇక్కడ మురుగు కాలువ అంటారు. భోజనాల వేళయిందని అందరూ లేచారు. మామ్మ ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. నా పళ్ళెంలో ఇంకా గుప్పెడు నీలం రంగు ఉంది. నేను గీయలేదు.

నాలుగో రోజు ఊరి మధ్యగా నడక. కాలువ గట్టు వెంట, సిమెంటు రోడ్ల వెంట నడిపించి కనిపించినవన్నీ రాసుకోమన్నారు. మురుగు కాలువ వైపు మా దారి పోలేదు. సాయంత్రం నేనూ, నాతో పాటు శిక్షణలో ఉన్న ఇంకో అమ్మాయీ సొంతంగా వెళ్ళాం. పుంత (బండ్ల బాట) వెంట పావుగంట నడిస్తే మురుగు కాలువ. నీళ్ళు కనిపించలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క, దాని మీద ఊదారంగు పూలు. ఎంత దట్టంగా ఉందంటే ఒక కొంగ దాని మీద నడుస్తూ అవతలికి వెళ్ళింది. ఆ అవతల అరవై ఇళ్ళ పేట. ఆ పేట కూడా మా పటంలో లేదు. మురుగు కాలువ గీయకపోతే దాని అవతల ఏముందో గీయాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

మామ్మ ఇంట్లో పొయ్యి నడుమెత్తున ఉంది. ఇటుకలు పేర్చి, మట్టితో మెత్తి, దాని మీద పొయ్యి. రోజంతా వంగి నాట్లు వేసే మనిషి కాబట్టి ఇంట్లోనైనా నిలబడి వండుకోవాలని అలా కట్టుకుందేమో అనుకున్నాను. అడిగితే, నీళ్ళు ఎక్కినప్పుడు పొయ్యి మునగకుండా అని చెప్పింది. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు మురుగు కాలువ వెనక్కి తన్ని నీళ్ళు పొయ్యి కింద మూడో ఇటుక దాకా వచ్చాయట. ఆ ఇటుక చుట్టూ తడి మరక ఇప్పటికీ ఉంది, వేలు పెట్టి చూపించింది. మొన్నటి వానకు వాకిట్లో చీలమండ దాకా నిలిచిన నీళ్ళు లాగడానికి మూడు రోజులు పట్టిందట. తను పనికి వెళ్ళే కౌలు రైతు ఆకుమడి, అంటే నారు పోసిన మడి, అదే వానకు మునిగి కుళ్ళిపోయింది. మళ్ళీ విత్తనం చల్లి, నారు ఎదిగి, ఊడ్పు పడేదాకా ఆ చేలో మామ్మకు కూలి లేదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. మేం నింపాల్సిన పేజీలో మూడు గళ్ళు ఉన్నాయి: సమస్య, లబ్ధిదారుల సంఖ్య, పదమూడు నెలల్లో కొలవగలిగే ఫలితం. మురుగు కాలువ గురించి రాస్తానంటే మా మార్గదర్శి ఎంతో సౌమ్యంగానే, అది చాలా పెద్ద విషయం, మీ చేతిలో ఉండదు, కుట్టు శిక్షణో కొబ్బరి పీచు పనో తీసుకుంటే ఫలితం చూపించగలరు అన్నారు. ఆయన అన్నది తప్పని చెప్పలేను. కానీ ఆ మూడో ఇటుక చూసి వచ్చాక కుట్టు మిషన్ల గురించి రాయడానికి చేయి రావడం లేదు. అయిదు రోజుల మనిషిని, ఇంత పెద్ద పని ఎత్తుకోవచ్చా?

రెండోది నన్ను ఇంకా బాధపెడుతోంది. ఆ రోజు పెద్దల ముందు నేను నోరు మెదపలేదు. మళ్ళీ పటం గీస్తే, మమ్మల్ని ఆదరించి కూర్చోబెట్టి చెప్పిన పెద్దల మాట తప్పు అని ఊరంతటికీ చాటినట్టు అవుతుందా? దీన్ని ఎలా సరిదిద్దుకోవాలి?

జవాబు 1
రాసినవారు: పాత ఫెలో

అమ్మాయీ, నీ రెండో ప్రశ్నకు ముందు చెబుతాను, ఎందుకంటే దానికే గడువు దగ్గర పడింది. రేపే వెళ్ళు. మామ్మ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నువ్వు అడిగింది సరైన మాట, నేను గీయకుండా వదిలేశాను అని ఒక్క వాక్యం చెప్పు. క్షమాపణ పొడిగించకు. పొడిగిస్తే ఆమే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.

ఇక పటం. దాన్ని సరిదిద్దిన పటం అనకు, రెండో పటం అను. మొదటిది ఊరి పెద్దలు చెప్పిన పటం. రెండోది పేటలో ఆడవాళ్ళు చెప్పే పటం. రెండూ ఒకే ఊరివి. పెద్దలకు ముందుగానే కబురు పెట్టు: “మీరు చెప్పింది గీశాం, పేటవాళ్ళు చెప్పేది కూడా గీస్తున్నాం, వీలైతే వచ్చి చూడండి” అని. చాటుగా చేస్తే అవమానం అనుకుంటారు, చెప్పి చేస్తే అనుకోరు. సాయంత్రం ఆరు దాటాక పెట్టుకో. పగలు ఆడవాళ్ళు చేలల్లో ఉంటారు. మీ శిక్షణలో పటాలు గీసే వేళ ఏదో ఆలోచించు, ఆ వేళకు ఊళ్ళో ఎవరుంటారో కూడా ఆలోచించు.

రాబర్ట్ ఛాంబర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1983లోనే ఈ విషయం రాశాడు. బయటి నుంచి పల్లెలు చూడటానికి వచ్చేవాళ్ళు తారు రోడ్డు వెంటే తిరుగుతారు, ఎండాకాలంలోనే వస్తారు, మగవాళ్ళతో, పెద్దవాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోతారు అన్నాడు. మీరు ఇప్పుడు చేస్తున్న పటాలు, నడకలు ఆ లోపాన్ని సరిచేయడానికి పుట్టినవే. రామాలయం ముందు కూర్చుని గీస్తే ఆ లోపమే రంగులు వేసుకుని మళ్ళీ వస్తుంది. నువ్వు మాత్రం వానల్లో వచ్చావు, అది నీ అదృష్టం.

ఒక్క హెచ్చరిక. పేటలో ఎవరు ఏం అడిగినా “చూస్తాం” అనకు. మన నోట అది ఊరికే వచ్చే మాట, వాళ్ళ చెవికి అది హామీ. నా మొదటి వారంలో ఒక ముసలాయన పింఛను గురించి అడిగితే చూస్తానన్నాను. నాలుగు నెలల పాటు ప్రతి సోమవారం ప్లాస్టిక్ సంచిలో రేషను కార్డు నకలు పెట్టుకుని నా గది ముందు కూర్చునేవాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పి, గడప బయట పెట్టి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ పింఛను రావడానికి నేను చేయగలిగింది మొదటి వారంలోనే చేసేశాను, మిగతాది నా చేతిలో లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు నాలుగు నెలలకు వచ్చింది.

జవాబు 2
రాసినవారు: లాకుల దగ్గరి ఇల్లు

నమస్కారమండి. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ గేట్లు చూసుకునే పనిలో, ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నారు. మా ఇల్లు లాకుల పక్కనే. మీ ప్రశ్న ఆయనకు చదివి వినిపించాను. మామ్మ అడిగిన మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. కింద రాసేది చాలావరకు ఆయన చెప్పిందే.

డెల్టాలో కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు పల్లంలో నడుస్తుంది. కాలువ మెరకన లేకపోతే చేలల్లోకి నీరు దిగదు, మురుగు పల్లాన లేకపోతే చేలల్లోంచి నీరు దిగదు. ఏ ఊరైనా తీసుకోండి, పాత ఇళ్ళు, గుడి, బడి మెరక వైపు ఉంటాయి. పేటలకూ కాలనీలకూ స్థలాలు ఎక్కడ వచ్చాయో చూడండి, చాలాచోట్ల పల్లంలో, మురుగు పక్కన. అందుకే మురుగు పూడితే మెరకన ఉన్నవాళ్ళకు చేను మునుగుతుంది, పల్లంలో ఉన్నవాళ్ళకు చేనూ ఇల్లూ రెండూ మునుగుతాయి. మీ పటంలో పేట, మురుగు కాలువ రెండూ కలిసి మాయమవడం ఇందువల్లే.

మురుగు కాలువలు కొన్ని గోదావరి పాయల్లో కలుస్తాయి, కొన్ని నేరుగా సముద్రంలో కలుస్తాయి. మన నేల సముద్రానికి ఎంతో ఎత్తులో లేదు. పోటు వచ్చినప్పుడు సముద్రం ఎగదన్ని మురుగు నిలబడిపోతుంది, పోటు తీసినప్పుడు మళ్ళీ లాగుతుంది. రోజుకు రెండుసార్లు ఇదే వరస. లాగే ఆ కాసిన్ని గంటల్లోనే వాననీరంతా పోవాలి. మధ్యలో గుర్రపుడెక్క, తూటికాడ, చేపల కోసం వేసిన వెదురు అడ్డుకట్టలు ఉంటే ఆ గంటలు చాలవు. నీటి వడి తగ్గితే మొగ దగ్గర, అంటే మురుగు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేస్తుంది. మొగ పూడితే లోపల ఎంత తవ్వినా ఫలితం ఉండదు. గోదావరికి వరద వస్తే ఇక రోజుల తరబడి లాగదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను నాన్నగారు చూశారు. అప్పుడు గట్టు తెగని ఊళ్ళలో కూడా చేలు మురుగు ఎగదన్నడం వల్లే పోయాయి అంటారు.

ఇంకో వైపు కూడా చూడండి. అదే మురుగు దారిలో పోటు నీరు లోపలికి ఎక్కితే నేల ఉప్పెక్కుతుంది. మీరున్న చోటికి దగ్గరలోనే శంకరగుప్తం మురుగు కాలువ వెంట కొబ్బరి చెట్లు మొవ్వులు ఎండి మొండాలుగా నిలబడి ఉన్నాయి. సెలవు రోజున వెళ్ళి చూసి రండి. నీరు పోకపోయినా కష్టమే, పోయే దారిన ఉప్పు నీరు వచ్చినా కష్టమే.

2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలం పంట) వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, ఖర్చులు, కూలీల కొరత ఎన్నో కారణాలు చెప్పారు, వాటిలో మురుగు కాలువల బాగు కూడా ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ కూడా వేసింది. పది లక్షల ఎకరాలకు నీళ్ళు తెచ్చే వ్యవస్థ ఉన్న చోట రైతు చేను బీడు పెట్టుకున్నాడంటే నీళ్ళు రాక కాదు కదండీ.

మీరు చేయగలిగినది ఒకటి నాన్నగారు చెప్పారు. ఒక వెదురు గడ తీసుకుని ఆరంగుళాలకు ఒక మేకు కొట్టండి. పేట దగ్గర వంతెన పక్కన పాతండి. ఉదయం, సాయంత్రం ఏ మేకు దాకా నీరు ఉందో, అప్పుడు పోటో కాదో, ముందు రోజు వాన పడిందో లేదో రాయండి. ఇంకో గడ రెండు కిలోమీటర్ల కింద పాతండి. నెల రోజులు రాస్తే నీరు ఎక్కడ ఆగుతోందో ఆ లెక్కే చెబుతుంది. ఆయన సర్వీసులో అలాంటి పుస్తకాలు పద్నాలుగు నింపారు. ఎవరో అడిగినందుకు కాదు, గేటు ఎప్పుడు ఎత్తాలో తెలియడానికి.

జవాబు 3
రాసినవారు: అమలాపురం ఉపాధ్యాయుడు

మీ మార్గదర్శి మాటను పూర్తిగా పక్కన పెట్టవద్దని నా మనవి. పదమూడు నెలల తరవాత మీరు వెళ్ళిపోతారు. మీ మాట నమ్మి పెద్దలతో విరోధం తెచ్చుకున్నవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. అందుకని కాలువ మొత్తం ఎత్తుకోకండి. పేట వాకిళ్ళ నుంచి మురుగు కాలువ దాకా ఒక చిన్న బోదె ఉండే ఉంటుంది, అది పూడిపోయి ఉంటుంది. అది ఎంత పొడవో కొలవండి. సచివాలయంలో గ్రామ సర్వేయరు దగ్గర గ్రామ పటం ఉంటుంది, అందులో ఆ బోదె, పుంత పోరంబోకుగా ఉన్నాయో, ఎంత వెడల్పున ఉన్నాయో అడిగి చూడండి. నీళ్ళు నిలిచే చోట మురుగు పారే పనులు 2005 ఉపాధి హామీ చట్టం పనుల జాబితాలో మొదటి నుంచీ ఉండేవి, ఇప్పుడు ఎలా ఉందో సచివాలయంలోనే అడగండి. గ్రామసభలో పేటవాళ్ళు అడగాలి, తీర్మానం పుస్తకంలో ఎక్కాలి. ఆ అడగడం వాళ్ళే చేయాలి, మీరు కాదు. ఇంత పని జరిగితే పదమూడు నెలలకు అది తక్కువేమీ కాదు.

జవాబు 4
రాసినవారు: నాలుగెకరాల కౌలు

అమ్మా, నేను చదివింది పదో తరగతి వరకే. మామ్మ పనికి వెళ్ళే కౌలు రైతును నేను కాదు, మాది ముమ్మిడివరం పక్క. కానీ ఆ ఆకుమడి సంగతి మాత్రం నాది కూడా.

నాలుగెకరాలు చేస్తున్నాను. సార్వాకు ఎకరాకు పన్నెండు బస్తాలు కౌలు, బస్తా అంటే 75 కిలోలు. పంట మునిగినా కౌలు మునగదు. ఈ జూలైలో ఆకుమడి రెండుసార్లు వేశాను. మొదటిసారి మొలక విత్తనం చల్లిన రాత్రే వాన. అయిదు రోజులు నీళ్ళ కింద ఉండి విత్తనం పులిసిపోయింది. ఆ వాసన వస్తే మీకు తెలుస్తుంది, కల్లు కుండ వాసనలా ఉంటుంది. అరచేతిలోకి తీసుకుని నొక్కితే గింజలోంచి పాలలాంటి నీళ్ళు వస్తాయి, మొలక ఉండదు. ముంపుకు తట్టుకునే స్వర్ణ సబ్-1 లాంటి రకాలు వేసుకోమంటారు. నాటిన చేను రెండు వారాలు మునిగినా అది తేరుకోగలదు, నిజమే. కానీ చల్లిన విత్తనం మీద నీళ్ళు నిలిచిపోతే అది కూడా దక్కదు. రకం మార్చుకోవడం నా చేతిలో ఉంది, నీళ్ళు పంపడం నా చేతిలో లేదు.

ఆలస్యం అక్కడితో ఆగదు. ఆకుమడి పదిహేను రోజులు వెనక పడితే ఊడ్పు వెనక, కోత వెనక. స్వర్ణ 150 రోజుల పంట. కోత నవంబరు చివరికి పోతే తుపాను వేళకు పనలు చేలో ఉంటాయి. 1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడి ఉండటం నాకు గుర్తు. అంత పెద్దది రాకపోయినా పనల మీద నాలుగు రోజులు వాన కురిస్తే చాలు, గింజ మొలకెత్తుతుంది.

నష్టపరిహారం రాయడానికి వస్తే పేరు ఎవరిది రాస్తారు? పంట సాగుదారుల హక్కుల 2019 చట్టం ప్రకారం మాలాంటి కౌలుదారులకు పంట సాగుదారు కార్డు ఇస్తారు, పదకొండు నెలలకు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. మా ఆసామి మంచివారే, పండక్కి బట్టలు పెడతారు, ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టరు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ళ భయం. ఆ భయం తప్పని నేను చెబితే వినరు.

మీరు లబ్ధిదారుల గడిలో రైతులు ఇంతమంది అని రాయబోయే ముందు, చేలో దిగినవాళ్ళు ఎవరో అడిగి రాయండి. పాస్‌పుస్తకాల జాబితా చూసి రాస్తే నేనూ, మామ్మా ఇద్దరమూ అందులో ఉండం. ఇంతకన్నా అడిగేది లేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: రాయదుర్గం అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం రాత్రి రాస్తున్నాను.

శనివారం మామ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాల్సిన ఒక్క వాక్యం చెప్పాను. ఆమె “అయితే ఇప్పుడు గీయి” అంది. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు అని అనుకున్నాం. పాత ఫెలో గారు చెప్పినట్టు ఉదయమే పెద్దల ఇళ్ళకు వెళ్ళి చెప్పి వచ్చాను. ఇద్దరు మంచిదే అన్నారు. ఒకాయన ఏమీ అనలేదు. మురుగుతో పని లేదని ఆ రోజు అన్న పెద్దాయన మాత్రం, మీకు అక్కడ దోమలు కుడతాయి అన్నారు.

మామ్మ వాకిట్లో గీశాం. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, పిల్లలు లెక్కలేనంతమంది. నేను నీలం రంగు తీస్తే మామ్మ చేయి అడ్డుపెట్టింది. “కాలువకు నీలం పెట్టు, మురుగు నీలంగా ఉంటుందా?” అని పొయ్యిలోంచి బూడిద, బొగ్గు పొడి తెచ్చి కలిపి నా పళ్ళెంలో పోసింది. ఈసారి గీసింది నేను కాదు. మామ్మ కోడలు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, వంగి, వెనక్కి నడుస్తూ నాట్లు వేసినట్టే గీసుకుంటూ వెళ్ళింది. ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ లోతో, వాన రోజుల్లో బడికి వెళ్ళే పిల్లలు ఎక్కడ చెప్పులు చేత్తో పట్టుకుంటారో అన్నీ ఆమెకు తెలుసు. గుర్రపుడెక్క ఉన్న చోటల్లా పిల్లలు జామాకులు పరిచారు. ఆకులు అయిపోయాక వాళ్ళే ఆగి పటం చూశారు. పరిచిన ఆకులే ఎక్కువ, బూడిద రంగు ఎక్కడో ఒకచోట కనిపిస్తోంది.

ఎనిమిది కావస్తుండగా ఆ పెద్దాయన వచ్చారు, టార్చి పట్టుకుని. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చాలాసేపు చూసి, టార్చి వెలుతురు ఒక చోట ఆపి, ఇక్కడ వంతెన కట్టక ముందు కాలువ రెండింతలు వెడల్పు ఉండేది, నా చిన్నప్పుడు ఇందులో పడవ వచ్చేది అన్నారు. మామ్మ కోడలు బూడిద పళ్ళెం ఆయన వైపు చాపింది. ఆయన తీసుకోలేదు, కానీ వెలుతురు కదిపి ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చూపించారు, ఆమె గీసింది.

ఉపాధ్యాయుడు గారు చెప్పిన చిన్న బోదె కూడా ఉంది. అడుగులతో కొలిస్తే సుమారు మూడు వందల మీటర్లు వచ్చింది, సగం పూడింది, చివర ఒక చోట మట్టి పోసి తొక్కుడు దారి చేసుకున్నారు. నా పేజీలో సమస్య దగ్గర అదే రాశాను. పేట వాకిళ్ళ నుంచి మురుగు కాలువ దాకా నీళ్ళు పోయే దారి. ఫలితం దగ్గర, వాన వెలిశాక వాకిట్లో నీళ్ళు ఎన్ని రోజులు నిలుస్తున్నాయో ఇప్పటి లెక్క, పదమూడు నెలల తరవాతి లెక్క అని రాశాను. లబ్ధిదారుల సంఖ్య గడి ఖాళీగా ఉంచి, చేలో దిగేవాళ్ళను, కౌలు చేసేవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి అడిగాక రాస్తాను అని కింద పెట్టాను. మార్గదర్శి గారు చదివి, ఖాళీ గడితో పేజీ తీసుకోవడం కుదరదన్నారు. తరవాత నా ఫోనులో రెండో పటం ఫోటో చూసి, పదిహేను రోజుల గడువు ఇచ్చారు.

లాకుల దగ్గరి వారికి: మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మామ్మ మనవడు రెండు వెదురు గడలు కోసి ఉంచాడు, మేకులు నేను కొన్నాను. రేపు పొద్దున్నే వంతెన దగ్గర మొదటిది పాతుతాం. పోటు ఏ వేళకు వస్తుందో ఇక్కడ ఎవరిని అడగాలో తెలియక మామ్మనే అడిగాను. చంద్రుడి వైపు చూసి, తెల్లవారుజామున లేపుతానంది.